ఐదో కారణం

వర్షం వెలిసిన గంటకు తారురోడ్డు మీద పలచటి బురదపొర మిగులుతుంది. మలుపులో కొత్తగా కడుతున్న ఇంటి ముందు పోసిన ఇసుక కొంత రోడ్డు మీదికి కొట్టుకొచ్చి ఉంటుంది. ఓ మాదిరి వేగంతో వచ్చిన మోటారు సైకిలు అక్కడ ముందు బ్రేకు పట్టగానే చక్రం జారుతుంది. మనిషి ఒక పక్క, బండి ఒక పక్క. మోచెయ్యి గీరుకుపోతుంది, మోకాలి దగ్గర ప్యాంటు చిరుగుతుంది. టీకొట్టు దగ్గర నిలబడ్డ నలుగురు పరుగెత్తుకొస్తారు. ఒకరు బండి లేపి తాళం తిప్పి ఇంజను ఆపుతారు, ఇంకొకరు మంచినీళ్లిస్తారు. ఆ వెంటనే మాటలు మొదలవుతాయి. "పెద్ద గండం గడిచింది బాబూ." "టైం బాగాలేదు, అంతే." "ఎవరి దిష్టో తగిలింది." "దేవుడు చల్లగా చూశాడు, వెనకే లారీ వస్తోంది."

తెలుగునాట ఏ ఊళ్లో బండి పడినా ఇవే మాటలు వినిపిస్తాయి. వాటిలో ఆప్యాయత ఉంది. వణుకుతున్న మనిషికి ఆ క్షణంలో కావలసిన ధైర్యం ఉంది. తర్వాత జరిగేదే ఆలోచించవలసిన విషయం. పడినవాడు లేచి, హ్యాండిల్ ఒకింత పక్కకు తిరిగినట్టున్నా, "ఏం కాలేదులే" అనుకుని అదే బండి మీద ఇంటికి వెళ్తాడు. సాయంత్రం ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు. మర్నాడు గుళ్లో కొబ్బరికాయ కొడతాడు. మెకానిక్ దగ్గరికి ఎప్పుడో వారం పది రోజులకు వెళ్తాడు, అదీ పగిలిన ఇండికేటర్ మార్పించడానికి.

పడటం దైవికమా, మనిషి చేతిలోదా అన్నది రెండున్నర వేల ఏళ్లుగా ఈ దేశంలో తెగని వాదం. దాన్ని పండితుల గోష్ఠికి వదిలేసి ఊరుకోవచ్చు. కానీ ఈ ప్రశ్నకు మనిషి లోలోపల ఏ జవాబు చెప్పుకున్నాడో దాన్ని బట్టే ఆ బండి ఫోర్కు విప్పి చూడటమో, చూడకుండా వదిలేయడమో జరుగుతుంది. తర్వాత ఆ బండి వెనక సీటు మీద భార్య కూర్చుంటుంది, ట్యాంకు మీద పిల్లవాడు కూర్చుంటాడు. అందుకని ఇది రోడ్డు మీద తేలవలసిన ప్రశ్న కూడా.

షెడ్డుకు వచ్చిన బండిని చూసి అనుభవమున్న మెకానిక్ అడిగే మొదటి మాట, "ఏ పక్కకు పడింది సార్?" మన దేశంలో నడిచే మోటారు సైకిళ్లకు సాధారణంగా గేర్ పెడల్, క్లచ్ లివర్ ఎడమ పక్కన, వెనక బ్రేకు పెడల్, ముందు బ్రేకు లివర్ కుడి పక్కన ఉంటాయి. ఎడమకు పడితే గేర్ పెడల్ లోపలికి వంగి ఇంజను కవరుకు తగులుతుంది, గేర్లు సరిగా పడవు. కుడికి పడితే బండిని ఆపే సాధనాలు రెండూ దెబ్బతిన్న పక్కనే ఉన్నాయన్న మాట. వంగిన బ్రేకు లివర్ పని చేస్తూనే ఉంటుంది, అదే దాంట్లో ఉన్న మోసం. అల్యూమినియం పోత లివర్ వంగినచోట కంటికి ఆనని పగులు ఉండొచ్చు. సుత్తితో కొట్టి తిన్నగా చేస్తే ఆ పగులు పెరుగుతుంది. రోజూ మెల్లగా పట్టినన్నాళ్లూ అది నిలుస్తుంది. ఎదురుగా ఎవరో అడ్డం వచ్చి బలంకొద్దీ పట్టిన రోజున విరుగుతుంది.

ఆ తర్వాత ముందు చక్రం. హ్యాండిల్ తిన్నగా పెట్టినా చక్రం ఓ పక్కకు చూస్తుంటే అందరూ ఫోర్కు వంగిందనే అనుకుంటారు. చాలాసార్లు గొట్టాలకు ఏమీ అయి ఉండదు. వాటిని పట్టి ఉంచే టీలో మెలిక పడి ఉంటుంది. బోల్టులు వదులు చేసి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టి, హ్యాండిల్‌ను ఒక్క గుంజు గుంజితే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే గొట్టాలు బయటికి తీయాలి. తీసిన గొట్టాన్ని తుడిచి, మందపాటి అద్దం పలక మీద పెట్టి అరచేత్తో మెల్లగా దొర్లిస్తారు. తిన్నగా ఉన్న గొట్టం ఒకే తీరుగా దొర్లిపోతుంది. వంగినది ఒకచోట లేస్తుంది, గొట్టానికీ అద్దానికీ నడుమ వెంట్రుకంత వెలుతురు గీత కనిపిస్తుంది. మెకానిక్ నేల మీదికి వంగి, ఒక కన్ను మూసి చూసేది ఆ గీత కోసమే.

తర్వాత ముందు చక్రం గాల్లో ఉండేట్టు బండిని నిలబెట్టి, హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు ఒక వేలితో తోస్తారు. నడిమధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే కోన్‌సెట్, దెబ్బతిన్నదని లెక్క. చక్రం తిప్పి రిమ్ము పక్కకు ఊగుతోందేమో చూస్తారు. స్పోకుల్ని ఒక్కొక్కటే వేలితో మీటి, శబ్దం మారినచోట ఆగుతారు. ఫోర్కు సీళ్ల దగ్గర నూనె చెమ్మ ఉందేమో తడిమి చూస్తారు. పక్కకు పడినప్పుడు పెట్రోలు కారిందా, ఇంజను ఎంతసేపు తిరుగుతూ ఉండిపోయింది అని అడుగుతారు.

ఆ షెడ్డు గోడ మీద దేవుడి పటం ఉంటుంది. ఆంజనేయస్వామో, మేరీమాతో, మక్కా చిత్రమో. పొద్దున తలుపు తీయగానే అగరొత్తి వెలిగించి, ఆ తర్వాతే పానాల పెట్టె తెరుస్తారు. దైవం మీద నమ్మకం విషయంలో ఆ మెకానిక్‌కూ, పడి లేచి వచ్చిన మనిషికీ తేడా ఏమీ ఉండకపోవచ్చు. ఒకరు గండం గడిచిందని బండెక్కారు, ఇంకొకరు అదే దేవుడికి దండం పెట్టి అద్దం మీద గొట్టం దొర్లిస్తున్నారు. రెండూ భక్తులు చేసిన పనులే. మరి శాస్త్రాలు ఏ భక్తుడి పక్కన నిలబడ్డాయి?

ఈ ప్రశ్న దాదాపు ఇదే రూపంలో చరక సంహితలో ఉంది. విమానస్థానం మూడో అధ్యాయం. పాంచాల దేశంలో కాంపిల్య నగరం దగ్గర, గంగ ఒడ్డున శిష్యులతో కలిసి తిరుగుతున్న ఆత్రేయ పునర్వసును అగ్నివేశుడు అడుగుతాడు: మనిషి ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా, ఉండదా? వైద్యం నేర్చుకుంటున్న శిష్యుడికి ఇది ప్రాణం మీది ప్రశ్న. చావు తేదీ ముందే రాసి ఉంటే తాను నేర్చుకుంటున్న విద్య దేనికి?

ఆత్రేయుడు చెప్పిన జవాబులో బండి ఉంది. మంచి కర్రతో, ఉండవలసిన గుణాలన్నిటితో చేసిన ఇరుసు సరిగా నడిపితే తన కాలమంతా నడిచి, సహజంగా అరిగి ఆగిపోతుంది. అదే ఇరుసు మధ్యలోనే విరగడానికి కారణాలు ఉన్నాయంటూ ఆయన వాటిని వరసగా చెబుతాడు. మోయలేనంత బరువు, మిట్టపల్లాల దారి, దారి కానిచోట తోలడం, చక్రం విరగడం, లాగే పశువుల దోషం, తోలేవాడి దోషం, చీల ఊడిపోవడం, కందెన లేకపోవడం, బోల్తా పడటం. మనిషి ఆయుష్షు కూడా ఇంతేనని ముగిస్తాడు. నేటి రవాణా శాఖ అధికారి ఒక ప్రమాదం మీద నివేదిక రాస్తే అందులో వచ్చే శీర్షికలు దాదాపు ఇవే: ఓవర్‌లోడు, రోడ్డు పరిస్థితి, డ్రైవరు తప్పిదం, యాంత్రిక లోపం, నిర్వహణ లేమి.

చరకుడు దైవాన్ని కొట్టిపారేయలేదు. పూర్వజన్మలో మనిషి చేసినది దైవమని, ఈ జన్మలో చేసేది పురుషకారమని, ఆయుష్షు ఈ రెండింటి బలాబలాల మీద ఆధారపడుతుందని ఆ అధ్యాయమే చెబుతుంది. అన్నీ ముందే నిర్ణయమై ఉంటే జరగవలసినవేమిటో కూడా ఆత్రేయుడు వివరిస్తాడు. అప్పుడు మందులే కాదు, మంత్రాలు, హోమాలు, ఉపవాసాలు కూడా అక్కరలేనివి అవుతాయి. మదించిన ఏనుగు ఎదురొస్తే పక్కకు తప్పుకోవలసిన పని ఉండదు. ఈ వాదంలోని పదును గమనించాలి. పూర్తి విధివాదం మొదట కూల్చేది పూజనే. బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టిన ప్రతి మనిషీ, జరగబోయేది మార్చవచ్చని ఒప్పుకున్నట్టే. నిమ్మకాయ ప్రయత్నమైనప్పుడు బ్రేకు షూలు మార్చడమూ ప్రయత్నమే. ఒకదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని విధికి వదిలేయడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

విధే సర్వమని నిజంగా నమ్మినవాళ్లు ఈ దేశంలో లేకపోలేదు. మక్ఖలి గోశాలుడి ఆజీవిక మతం అదే చెప్పింది: అంతా నియతి, మానవ ప్రయత్నం అనేది లేదు. ఆ మతాన్ని నమ్మిన ఒక కుమ్మరి కథ జైనుల ఉవాసగదసావో ఏడో అధ్యాయంలో ఉంది. పోలాసపురంలో సద్దాలపుత్తుడు కుండలు చేయించి అమ్మే సంపన్నుడు. ఒకరోజు మహావీరుడు అతని దగ్గరకు వచ్చి, ఎండలో ఆరుతున్న కుండల్ని చూసి, ఇవి ప్రయత్నంతో తయారయ్యాయా, ప్రయత్నం లేకుండానా అని అడుగుతాడు. తన మతం ప్రకారం కుమ్మరి, ప్రయత్నం లేకుండానే అంటాడు. నీ పనివాళ్లలో ఎవరైనా ఈ కుండల్ని పగలగొడితే, దొంగిలిస్తే, నీ భార్య జోలికి వస్తే ఏం చేస్తావని మహావీరుడి తర్వాతి ప్రశ్న. తిడతాను, కొడతాను, కట్టేస్తాను అంటాడు సద్దాలపుత్తుడు. ప్రయత్నమే లేనప్పుడు పగలగొట్టినవాడిదీ ప్రయత్నం కాదు, మరి అతన్ని శిక్షించడం దేనికి? ఆ మాటతో కుమ్మరికి తన మతంలోని లోటు తెలిసొచ్చింది, మహావీరుడి అనుయాయి అయ్యాడు. ఒక తత్వశాస్త్ర వాదం పనిచోట, ఎండలో ఆరుతున్న సరుకు ముందు తేలింది. ఇవాళ ఎదుటి బండివాడు వచ్చి గుద్దితే "కళ్లు కనపడట్లేదా" అని నిలదీసి, తానే జారిపడితే "టైం బాగాలేదు" అనే ప్రతివాళ్లూ సద్దాలపుత్తుడి ముందున్న ప్రశ్నకే జవాబు చెప్పాలి.

బుద్ధుడి ముందుకూ ఇదే ప్రశ్న వచ్చింది. రాజగృహంలోని వేణువనంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ వెనకటి కర్మ వల్లనేనని కొందరంటున్నారు, మీరేమంటారని అడిగాడు. సంయుత్త నికాయంలో ఉన్న ఆ జవాబులో ఎనిమిది కారణాలున్నాయి. పైత్యం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి రావడం, రుతువు మారడం, జాగ్రత్త తప్పిన నడవడి, హఠాత్తుగా తగిలిన దెబ్బ, ఎనిమిదోది కర్మఫలం. అన్నిటినీ వెనకటి కర్మకు కట్టేసేవాళ్లు తమ స్వానుభవాన్నీ, లోకం ఎరిగిన సత్యాన్నీ దాటి మాట్లాడుతున్నారని ఆయన స్పష్టంగా అన్నాడు. కర్మ సిద్ధాంతాన్ని జీవితమంతా బోధించిన మనిషి దాన్ని ఎనిమిదింటిలో ఒకటిగా చివర పెట్టాడు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం, పద్నాలుగో శ్లోకం ఇంకా దగ్గరకు వస్తుంది. ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు కలవాలని అక్కడ ఉంది. అధిష్ఠానం, కర్త, రకరకాల కరణాలు, వేర్వేరు చేష్టలు, అయిదోది దైవం. భాష్యకారులు వీటిని మనిషి శరీరానికీ ఇంద్రియాలకూ అన్వయించారు. ఆ వరసను జారిపడిన బండి పక్కన పెట్టి చూస్తే ఒక్కోటీ తన చోటు వెతుక్కుంటుంది. అధిష్ఠానం ఆ మలుపు, దాని మీద పరుచుకున్న ఇసుక. కర్త బండి నడిపిన మనిషి, అతని నిద్రలేమి, తొందర. కరణాలు అరిగిన టైరు, గాలి తగ్గిన చక్రం, పదును పోయిన బ్రేకు. చేష్ట మలుపులో బండి వంగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టడం. ఈ నాలుగూ చూశాక మిగిలేది అయిదోది: ఆ క్షణాన వెనక లారీ ఎంత దూరంలో ఉంది, తల ఏ రాయికి తగలకుండా తప్పింది అనేవి. గండం గడిచిందన్న మాటకు అక్కడ నిజమైన చోటు ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. వరసలో చివరిది కాబట్టి చిన్నదని ఎలా అంటారు? రామానుజాచార్యులు ఈ శ్లోకంలోని దైవానికి అంతర్యామి అయిన పరమాత్మ అని అర్థం చెప్పి, పని నెరవేరడానికి ఆయనే ప్రధాన హేతువన్నారు. అది బలమైన ఆక్షేపణే. అయితే ఆ వెంటనే రామానుజులు ఎదుర్కొన్న చిక్కు కూడా చూడాలి. అంతా పరమాత్మే చేయిస్తుంటే ఇది చెయ్యి, అది చెయ్యకు అని శాస్త్రం మనిషికి చెప్పడంలో అర్థమేమిటి? దానికి ఆయన జవాబు: శరీరాన్నీ ఇంద్రియాలనూ శక్తినీ ఇచ్చేది పరమాత్మ, వాటితో ప్రయత్నం మొదలుపెట్టేది జీవుడు, ఆ ప్రయత్నానికి అనుమతినిచ్చి నడిపించేది మళ్లీ పరమాత్మ. దైవాన్ని అందరికన్నా ఎత్తున నిలబెట్టిన ఆచార్యుడు కూడా మొదటి అడుగు మనిషిదేనన్నారు. పానా పట్టవలసింది మనిషే.

మీమాంసకుల దగ్గర దీనికి సూటి నియమమే ఉంది. కంటికి కనిపించే కారణం దొరుకుతున్నప్పుడు కనిపించని కారణాన్ని ఊహించడం న్యాయం కాదు. యజ్ఞయాగాదుల ఫలాన్ని నమ్మి, ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికే శాస్త్రం రాసినవాళ్ల నియమం ఇది. అందుకే దీని విలువ ఎక్కువ. కనిపించని శక్తుల మీద గౌరవమున్నవాళ్లే వాటిని ముందుగా పిలవొద్దన్నారు.

మిగతా మతాల్లోనూ ఈ మాట వాహనాల మధ్య, ప్రమాదాల మధ్య వినిపిస్తుంది. తిర్మిజీ సంకలనంలోని ఒక హదీసులో ఒక మనిషి ప్రవక్త ముహమ్మద్‌ను, ఒంటెను కట్టేసి అల్లాహ్‌ను నమ్మాలా, వదిలేసి నమ్మాలా అని అడుగుతాడు. కట్టెయ్యి, ఆపైన నమ్ము అన్నది జవాబు. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావారందరికన్నా పెద్ద పాపులని అనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తానే చెప్పాడు. ఆ వెంటనే మాటను వింటున్నవాళ్ల మీదికి తిప్పి, మీరు మారాలి అన్నాడు. పోయినవాళ్ల గతాన్ని తవ్వడం ఆపి, బతికున్నవాళ్లు రేపు ఏం చేయాలో చూడమన్న జవాబది.

విధి అనే మాట ఎక్కడ ఓదార్పు, ఎక్కడ తప్పించుకోవడం అన్నది ఇక్కడ తేలుతుంది. కొడుకును పోగొట్టుకున్న తల్లితో "ఆయుష్షు అంతే రాసి ఉందమ్మా" అంటే అది ఆమెను నిలబెట్టే మాట. అదే మాట బస్సు నడిపించిన వ్యవస్థ నోట వస్తే అది బాధ్యత దులుపుకోవడం. 2018 సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో వందమందికి పైగా ఉన్నారు. వాళ్లలో అంజన్న దర్శనం చేసుకుని దిగుతున్న భక్తులున్నారు. వాళ్ల భక్తిలో లోపమేముంది? ఆత్రేయుడు ఇరుసు విరగడానికి చెప్పిన మొదటి కారణం అధిక భారం. దైవం సన్నిధిలో జరిగింది కాబట్టి దైవికమని అనేస్తే, ఆ దారిలో రేపు వెళ్లే బస్సులో ఎందరున్నారో ఎవరూ లెక్కపెట్టరు.

అలాగని పూజను తీసిపారేయడం ఈ వాదానికి అవసరం లేదు. కొండగట్టులో, విజయవాడ ఇంద్రకీలాద్రి కింద, హైదరాబాద్ జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి ముందు కొత్త బళ్లు వరసకట్టి నిలబడతాయి. హ్యాండిల్‌కు పూలదండ, ట్యాంకు మీద పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. కొన్నది ఒక యంత్రాన్నే అయినా, దాని మీద కూర్చునేవి ప్రాణాలని ఆ కుటుంబం ఆ రోజు గుర్తుచేసుకుంటుంది. దసరాకు చేసే ఆయుధపూజ ఇంకో మెట్టు పైది. షెడ్డులో పానాలు, స్క్రూడ్రైవర్లు, సుత్తులు కిరోసిన్‌తో కడిగి, తుడిచి, వరసగా పేర్చి బొట్టు పెడతారు. ఏడాది పొడవునా నూనె మడ్డిలో ఉన్న పనిముట్టు ఆ రోజు చేతికి శుభ్రంగా కనబడుతుంది. అరిగిన పానా ఏదో, పగిలిన సుత్తి పిడి ఏదో అప్పుడే బయటపడుతుంది. పరీక్ష లేకుండా ఆ పూజ జరగదు. తుడవాలంటే చూడాలి.

రాజస్థాన్‌లో పాలీ, జోధ్‌పూర్ మధ్య రోడ్డు పక్కన ఒక బుల్లెట్ మోటారు సైకిలుకే గుడి కట్టారు. 1988లో ఓం సింగ్ రాథోడ్ అనే యువకుడు ఆ బండి మీద వెళ్తూ అక్కడ చెట్టును ఢీకొని చనిపోయాడు. పోలీసులు స్టేషనుకు తీసుకెళ్లిన బండి మళ్లీ ప్రమాద స్థలానికి చేరిందని స్థానికుల నమ్మకం. ఇప్పుడది అద్దాల పెట్టెలో ఉంది. ఆ దారిన పోయేవాళ్లు ఓం బన్నాగా కొలిచే ఆ యువకుడికి దండం పెట్టుకుని, క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటారు. దండం పెట్టాలంటే బండి ఆపాలి, ఆపితే అక్కడ ఒక మనిషి చనిపోయాడని తెలుస్తుంది. ఆ జ్ఞాపకంతో తర్వాతి మలుపులో వేగం తగ్గించినవాడి దండం సార్థకమైనట్టే.

విధిని ముందు పెట్టేవాళ్లకు ఎదురుగా మరో రకం మనుషులున్నారు. ఏది జరిగినా తప్పెవరిదని వెతికేవాళ్లు. "చూసుకుని నడపొద్దా" అని పడినవాణ్ని నిలదీస్తారు, ఒక్కోసారి ఆ మాటను తమ మీద తామే రోజుల తరబడి వేసుకుంటారు. అన్నీ సరిగా చేసినవాడూ పడతాడు. టైరు కొత్తదే, వేగం తక్కువే, హెల్మెట్ ఉంది, ముందు పోయిన లారీ కార్చిన డీజిల్ మాత్రం చీకట్లో కనపడలేదు. గీత ఈ రెండో పొరపాటును కూడా వదల్లేదు. అయిదు కారణాలు చెప్పిన కొద్దిసేపటికే, పదహారో శ్లోకంలో, తానొక్కడే కర్తనని చూసేవాడు సరిగా చూడటం లేదని తేల్చింది. యాజ్ఞవల్క్య స్మృతి రథం గురించే మాట్లాడుతూ, ఒంటిచక్రంతో రథం నడవనట్టే పురుషకారం లేకుండా దైవం ఫలించదంది. చక్రాలు రెండని ఒప్పుకున్నాక మొత్తం భారాన్ని ఒక్క మనిషి మెడకు చుట్టడం కూడా అన్యాయమే. పడినవాడు తన వంతు ఎంతో అంతే మోయాలి. రోడ్డు వేసినవాడు, ఇసుక పోసినవాడు, డీజిల్ కార్చుకుంటూ పోయినవాడు వాళ్ల వాళ్ల వంతు మోయాలి.

మరి మరమ్మతులో ధర్మం ఎక్కడుంది? చెడిన బండి ఒక్కరి ఆస్తి, అది నడిచే రోడ్డు అందరిది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. హెల్మెట్ లేకుండా పోయిన ప్రాణాలు ఆ ఒక్క ఏడాదిలో 50,029. వీళ్లందరి జాతకాలూ ఒకేలా ఉన్నాయని ఏ జ్యోతిష్కుడూ అనడు. తల మీద ఒక వస్తువు లేకపోవడం మాత్రం వాళ్లందరికీ ఉమ్మడి.

ఆ వస్తువుకూ ప్రతి పడటమూ ఒక పరీక్షే. హెల్మెట్ లోపల ఉండే తెల్లటి థర్మోకోల్ లాంటి పొర దెబ్బకు నలిగి, ఆ దెబ్బను తనలోకి తీసుకుంటుంది. ఒకసారి నలిగిన పొర మళ్లీ ఉబ్బదు. పైచిప్ప మీద గీత తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. అదే చోట రెండో దెబ్బ తగిలితే కాపాడటానికి లోపల ఏమీ మిగలదు. తల నేలకు తగిలిన హెల్మెట్‌ను "నన్ను కాపాడిన హెల్మెట్" అని ప్రేమతో దాచుకునేవాళ్లున్నారు. దాచుకోవచ్చు, మళ్లీ పెట్టుకోకూడదు. తమ్ముడికి ఇవ్వడం అసలే కూడదు.

బండి విషయంలోనూ అంతే. పడిన బండిని రంగు వేయించి, స్టిక్కర్లు మార్చి, ఫోర్కు సంగతి చెప్పకుండా అమ్మేవాళ్లున్నారు. కొన్నవాడికి రేపు జరిగేదాన్ని విధి అనడానికి వాళ్లకు హక్కు లేదు. వంగిన గొట్టాన్ని లేత్ షాపులో తిన్నగా చేయించి కొత్తదని బిల్లు వేసే పనివాడికీ లేదు. తెలిసీ చెప్పకపోతే, అయిదు కారణాల లెక్కలో అది కర్త ఖాతాలోనే పడుతుంది.

కొబ్బరికాయ కొట్టడం మానమని ఎవరూ అడగక్కరలేదు. కాయ కొట్టే ముందు షెడ్డుకు వెళ్లమని మాత్రం అడగాలి. బండి చిన్నగా పడినా మెకానిక్‌కు దాచకుండా చెప్పండి, ఏ పక్కకు పడిందో, ఎంత దూరం ఈడ్చుకుపోయిందో, హ్యాండిల్ దేనికి తగిలిందో. ఇండికేటర్ సంగతి తర్వాత, ముందు ఫోర్కు, కోన్‌సెట్, రిమ్ము, బ్రేకు లివర్ చూడమనండి. వంగిన లివర్‌ను సుత్తితో సరిచేయనివ్వకండి, కొత్తది వేయించండి. సరిచేశాక ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి, హ్యాండిల్ ఏ పక్కకూ లాగడం లేదని, రెండు బ్రేకులూ పట్టుకుంటున్నాయని మీరే చూసుకోండి. వెనక సీటు మీద ఇంట్లోవాళ్లను ఎక్కించుకోవడం ఆ తర్వాతే.